ఏటా జానెడు తాడు

క్లబ్బు గదిలో ఉన్నవి పద్దెనిమిది కుర్చీలు. ఆ ఆదివారం వచ్చినవాళ్ళు నలభై మంది. కుర్చీ దొరికినవాడు కూర్చున్నాడు, దొరకనివాడు కిటికీ ఎక్కాడు, ఒకాయన సున్నం బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆ బకెట్టు మేస్త్రీది. తలుపు పక్కన నిలబడి బకెట్టు వంకే చూస్తున్నాడు గాని లెమ్మనలేదు. అనే మనిషి కాదు.

పైవీధి క్లబ్బు ఫుట్‌బాల్ మైదానానికి ఆయన మేస్త్రీ. గడ్డి కొయ్యడం, నీళ్ళు పట్టడం, ఆట ముందురోజు సున్నంతో గీతలు గియ్యడం ఆయన పని. ఏదడిగినా ఉంటే "ఉంది" అంటాడు, లేకపోతే "లేదు" అంటాడు. మూడో మాట వినాలంటే ఆయన భార్యనడగాలి. అందుకని వీధి వీధంతా ఆయన్ని ఉందిలేదు మేస్త్రీ అంటుంది.

ఆ రోజు తేలాల్సిన సంగతి ఇది. ఊరి బయట మున్సిపాలిటీవాళ్ళు కొత్త స్టేడియం కడుతున్నారు. పైవీధి క్లబ్బుకీ కిందివీధి క్లబ్బుకీ కలిపి ఒకటే. ఒక వారం వాళ్ళాట, ఒక వారం వీళ్ళాట. కిందివీధి మైదానం నిరుడు రోడ్డు వెడల్పులో పోయింది కాబట్టి వాళ్ళు అడిగిన వెంటనే సరేనన్నారు. పైవీధికి సొంత మైదానం ఉంది. కలిసి ఉంటారో, విడిగా ఉంటారో బుధవారం మధ్యాహ్నంలోగా ఉత్తరం ఇమ్మన్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ ఏడు నుంచి నూట అయిదు మీటర్ల పొడవు లేని మైదానంలో పెద్ద ఆటలు ఆడనివ్వబోమని లీగువాళ్ళు రూలు పెట్టారు. కొలవడానికి వాళ్ళ మనిషి వచ్చేది గురువారం. ఒక్కరోజు ఆగండి, కొలిచాక చెబుతాం అంటే మున్సిపాలిటీవాళ్ళు కుదరదన్నారు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఎలా పడతాయండీ" అన్నాడు కిటికీలో కూర్చున్నాయన.

"వంతులేసుకుంటాయి. ఒక వారం ఒక కత్తి" అన్నాడు ప్రెసిడెంటు. ఆయనకి మందుల షాపు. జీవితమంతా జనం మూలుగులు విని విని ఆయనకి దేని మీదా పెద్ద ఆశ ఉండదు. కలిసి ఉందామనే ఆయన పక్షం.

"వాళ్ళు కూర్చుని లేచిన బెంచీల మీద మనం కూర్చోవాలా?"

"రోజూ కూర్చుంటూనే ఉన్నావు" అన్నాడు బస్సు కండక్టరు. "నా బస్సులో కిందివీధివాడు దిగిన సీటు కోసం నువ్వెంత తోసుకొస్తావో నాకు తెలీదా. టికెట్టుకి మాత్రం రెండుసార్లు అడిగించుకుంటావు."

గది ఘొల్లుమంది. నవ్వు తగ్గాక కిటికీలో ఆయన మెల్లిగా అన్నాడు.

"బస్సు నాది కాదు కాబట్టి కూర్చుంటాను. ఈ మైదానం నాది."

ఆ మాట దిగాల్సిన చోట దిగింది. ఏకుగా వచ్చి మేకవుతారని ఒకరు, అద్దె కొంపలో మేకు కొట్టాలన్నా ఎవడో ఒకణ్ణి అడగాలని ఒకరు, మేకుల మీద మేకులు దిగ్గొట్టారు. ప్రెసిడెంటు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సొంతం సొంతం అంటున్నారు, బాగుంది. గురువారం కొలతకి నిలవకపోతే? ఉన్నదీ పోతుంది, ఇస్తామన్నదీ పోతుంది. అప్పుడు వీధిలో ఆడుకుంటారా?"

నలభై మొహాలు తలుపు వైపు తిరిగాయి. సెక్రటరీ లేచాడు. ఆయన టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ని పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

"మేస్త్రీ, మన మైదానం నూట అయిదు ఉందా?"

"ఉంది."

చేతులెత్తమన్నారు. విడిగా ఉందామన్నవాళ్ళు ముప్ఫై ఒక్కరు. కలుద్దామన్నవాళ్ళు తొమ్మిది మంది. అందరూ వెళ్ళాక మేస్త్రీ తన బకెట్టు తీసుకుని, అడుగున అంటిన దుమ్ము దులుపుకుని ఇంటికెళ్ళాడు. ఇల్లంటే మైదానం మూల క్లబ్బువాళ్ళు ఇచ్చిన రెండు గదులే.

ఆ మాట అంత ధీమాగా అనడానికి ఆయన దగ్గర ఒక తాడు ఉంది.

ఒకప్పుడు ఊరికి ఒకటే క్లబ్బు, ఒకటే మైదానం. దానికి మేస్త్రీ ఈయన మామగారు. ఆయన దగ్గర మైదానం పొడవుకి సరిగ్గా సరిపోయే జనపనార తాడు ఉండేది. కెప్టెన్ ఎవరన్న తగువులో క్లబ్బు రెండైంది. కిందివీధివాళ్ళు విడిగా మైదానం చేసుకున్నారు. మామగారు తాడుని నడిమికి మడిచి ఒక్క కోత కోసి, సగం కొడుక్కి, సగం అల్లుడికి ఇచ్చాడు. కొడుకుని కిందివీధికి మేస్త్రీగా పంపాడు, అల్లుణ్ణి ఇక్కడ పెట్టాడు. "సగానికి సగం. నడిమి మేకు నుంచి అటొకసారి, ఇటొకసారి లాగితే మైదానం. తాడు అబద్ధమాడదు" అన్నాడు. ఇది ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి. అల్లుడికి ఆ మాట శిలాశాసనం.

సోమవారం మధ్యాహ్నం బావమరిది సైకిలేసుకుని వచ్చాడు. కిందివీధి మైదానం పోయినప్పటి నుంచి వాడు రోడ్డు కాంట్రాక్టరు గోడౌను దగ్గర కాపలా ఉంటున్నాడు. వాకిట్లో తీగ మీద క్లబ్బు ఆటగాళ్ళ నీలం చొక్కాలు పదకొండు ఆరుతున్నాయి. వాటి కింద నుంచి వంగి లోపలికొచ్చాడు.

"ఏం బావా, ఒక్క మాటతో క్లబ్బునే తిప్పేశావట. నాకీ నోరుంటే ఈపాటికి మున్సిపల్ చైర్మన్నయ్యేవాణ్ణి."

మేస్త్రీ తింటున్నాడు. తలెత్తలేదు.

"ముందు తిను, తర్వాత మాట్లాడు" అంది అక్క, కంచం పెడుతూ.

"తింటూనే మాట్లాడతానక్కా. రెండూ నోటి పనులేగా. మా బావకైతే ఒకటే పని."

నాలుగు ముద్దలు తిన్నాడు. అయిదో ముద్ద చేతిలో ఉండగానే ఆగి, ఎడమ చేత్తో జేబులోంచి ఉక్కు టేపు తీసి నేల మీద పెట్టాడు. గుండ్రంగా, అరచెయ్యంత ఉంది.

"బావా, గురువారం ఎవరో వచ్చి కొలిచేకంటే ముందు మనమే ఓసారి చూసుకుందాం. నేనొక కొస పట్టుకుంటాను. పావుగంట పని."

"నాది మీ నాన్న తాడు."

"నాన్నదే. కాదన్నానా? నాన్నదైనా తాడు తాడే కదా."

మేస్త్రీ కంచంలో చెయ్యి ఆపాడు. "నీ సగం నాలుగేళ్ళకే ఎలుకలకి పెట్టావు. నా సగం నేను దాచుకున్నాను. ఇప్పుడొచ్చి దానికి వంకలా?"

"ఎలుకలు తిన్నాయి కాబట్టే టేపు కొన్నాను. కాబట్టే బతికిపోయాను బావా."

"మీ క్లబ్బుకి ఖర్చు సగం మోసేవాడు కావాలి. అందుకు పంపారు నిన్ను."

ఆయన ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడి చాలా ఏళ్ళయింది. బావమరిది లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి అక్క వంక చూశాడు. ఆమె ఎంగిలి కంచం వంక చూస్తోంది.

"ఎవరూ పంపలేదు బావా. కొత్త స్టేడియంలో వేసేది ప్లాస్టిక్ గడ్డట. దానికి మేస్త్రీ అక్కర్లేదు, చీపురు చాలు. నాకక్కడ ఒరిగేదేమీ లేదు." చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. "టేపు ఇక్కడే ఉంచుతున్నానక్కా. కాలికి తగిలేను, చూసుకో."

మేస్త్రీ ఆ టేపుని ముట్టుకోలేదు. భార్య దాన్ని తీసి గూట్లో పెడితే అటువైపు చూడలేదు కూడా. కాని ఎలుకలు తిన్నాయి కాబట్టే బతికిపోయాను అన్న మాట ముల్లులా లోపలే విరిగింది.

మంగళవారం పొద్దున గడ్డికి నీళ్ళు పట్టాక, ఎవరూ చూడటం లేదు కదా అని గోలు గీత మీద మడమ పెట్టి అవతలి గోలుకి నడిచాడు. పనిలో చేరిన కొత్తలో మామగారు ఆయన్ని నడిపించి లెక్కపెట్టేవాడు. "నీ అడుగుకి ఈ మైదానం నూట నలభై. తాడు లేనినాడు ఇది గుర్తుంచుకో" అనేవాడు. ఇవాళ అవతలి గీత మీద కాలు పడేసరికి సరిగ్గా నూట నలభై. మనసు తేలికపడింది. ఓరి బామ్మర్దీ అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత బీడీ వెలిగించి వెనక్కి తిరిగాడు.

సగం దూరం వచ్చాక ఆగిపోయాడు.

మోకాలు పట్టేసి నాలుగేళ్ళయింది. ఇంటి గుమ్మం నుంచి పనిముట్ల షెడ్డుకి ఒకప్పుడు నలభై అడుగులు పట్టేది, ఇప్పుడు నలభై రెండు పడుతోంది. రోజూ నడిచే దారే కాబట్టి ఆ సంగతి ఆయనకి తెలుసు. గుమ్మం జరగలేదు, షెడ్డు జరగలేదు, అడుగే కురచైంది. కురచ అడుగుకి మైదానం లెక్క కూడా పెరగాలి. పెరగలేదేం?

బీడీ ఆరిపోయింది. షెడ్డుకెళ్ళి తాడు దించాడు. ఏటా వానలు వెళ్ళాక, మేకుకి కట్టే కొస సున్నానికీ తడికీ చివికిపోతుంది. చివికిన మేరకు జానెడు కోసేసి మళ్ళీ ఉచ్చు ముడి వేస్తాడు. కొత్త తాడు కొంటామని క్లబ్బువాళ్ళంటే ఒప్పుకునేవాడు కాదు. అందులో తప్పుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. మామగారి తాడు కదా, దాని కొస ఎక్కడుంటే అదే దాని కొస.

కోసిన ముక్కలు పారేసే మనిషి కాదు. షెడ్డు తలుపు గొళ్ళేనికి ఒకటి. పైపుని పంపుకి బిగించినది ఒకటి. చీపురు కట్టకి ఒకటి, గోలు వలల మూలలకి నాలుగు, గడ్డి కోసే బండి పిడికి ఒకటి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాడు. ఇరవై నాలుగేళ్ళుగా తన చేత్తో తానే కోసిన మైదానం షెడ్డు నిండా ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది.

మొదటి పన్నెండేళ్ళూ గోలు స్తంభాలు కర్రవి. వానలకి పీకి షెడ్డులో పెట్టి, మళ్ళీ తాడు కొలతకే పాతేవాడు. ఏడాదికో జానెడు అటు, ఓ జానెడు ఇటు లోపలికొచ్చినా ఎవరికి తెలుస్తుంది? పన్నెండేళ్ళ కిందట ఇనప స్తంభాలు తెచ్చి సిమెంటులో దింపారు. అప్పటి నుంచి గోలు గీతలు స్తంభాల్ని బట్టే, తాడు పక్క గీతలు తిన్నగా లాగడానికే. గోలు వెనక చాలా చోటు మిగిలింది కదా అని జనం కూర్చోడానికి కాంక్రీటు మెట్లు కట్టారు. ఎక్కడి నుంచి కట్టాలో చూపించింది ఆయనే. అవతలి పక్క గోడ, గోడవతల వీధి.

అప్పట్లో పైవీధి గోల్‌కీపరు తన్నిన బంతి అవతలి గోలు ముందు పడేది. ఆ కాలిని చూడటానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. బయటి ఊరు తీసుకెళ్తే మాత్రం ఆ కాలు పనిచేసేది కాదు. నీళ్ళు పడలేదనేవాళ్ళు, దిష్టి తగిలిందనేవాళ్ళు. మేస్త్రీకి ఇప్పుడు ఆ కాలు గుర్తొచ్చింది.

ఇంకా ఒక రాత్రి, ఒక ఉదయం ఉన్నాయి. ఉత్తరం వెళ్ళేది బుధవారం మధ్యాహ్నం. ఒక్క మాట చాలు. ఆదివారం అన్న మాట కాకుండా దానికి ఎదురుది.

బుధవారం తొమ్మిదింటికి టైలరు షాపు మెట్టెక్కాడు. టైలరు మిషను మీద నీలం జెండా కుడుతున్నాడు. మూడు మీటర్ల జెండా, సగం ఒళ్ళో, సగం నేల మీద. పక్కనే కత్తెర కింద ఉత్తరం కవరు ఎగిరిపోకుండా పెట్టి ఉంది.

"రండి మేస్త్రీ, రండి. మీరే ముందు చూడాలి దీన్ని. రేపు కొలత అవగానే ఎగరేస్తాం." కాలు తొక్కడం ఆపి మెడలో టేపు చూపించాడు. "రాత్రి మా ఆవిడతో అన్నాను. నేను మనిషిని కొలిస్తేనే అరంగుళం అటూ ఇటూ అవుతుంది, ఆయన మైదానాన్ని కొలిచి ఒక్క ముక్కలో చెప్పాడే అని. మీ మాట లేకపోతే ఆ మందుల షాపాయన మనకి ఆ రోజే నిద్రమాత్ర వేసేసేవాడు."

మేస్త్రీ నిలబడ్డాడు.

"చెప్పండి. ఏమైనా పనుందా?"

నోరు తెరిచాడు. లేదు అనాలి, అంతే. జీవితంలో లక్షసార్లు అన్న మాట. టైలరు మొహం కేసి చూశాడు, కవరు కేసి చూశాడు. చెయ్యి తనంతట తాను ఛాతీ మీదకి పోయింది.

"గుండీ ఊడింది."

"ఓస్, అంతేనా. విప్పక్కర్లేదు, అలాగే ఉండండి." టైలరు లేచి సూదిలో దారం ఎక్కించి, ఆయన చొక్కా మీదే, గుండె మీద, నాలుగు కుట్లు వేశాడు. వంగి పళ్ళతో దారం తెంపాడు. "చొక్కా చిరుగుతుంది గాని ఈ గుండీ ఊడదు." తర్వాత కత్తెర పక్కకి తీసి, కవరు జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ కలిసే మెట్టు దిగారు. టైలరు మున్సిపాలిటీ ఆఫీసు వైపు, మేస్త్రీ మైదానం వైపు. మూల తిరిగేదాకా మేస్త్రీ ఆగి ఆగి వెనక్కి చూశాడు. పిలిస్తే వినపడే దూరమే.

గురువారం లీగు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మూడు కాళ్ళ పీట మీద చిన్న పెట్టె పెట్టి, అవతలి గోలు గీత మీద అద్దం పలక నిలబెట్టించింది. తాడు లేదు, మేకు లేదు, నడక లేదు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

"వంద మీటర్ల ఇరవై."

"మళ్ళీ చూడండమ్మా" అన్నాడు టైలరు.

మళ్ళీ చూసింది. అవతలి చివర నుంచి కూడా చూసింది. అంతే ఉంది. "నాలుగు మీటర్ల ఎనభై తక్కువండీ. వెనక్కి జరపడానికి చోటుందా?"

వెనక మెట్లు. మెట్ల మీద వీధి జనం జెండా పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె మెట్లు చూసింది, గోడ చూసింది, పుస్తకంలో రాసుకుంది.

"ఇది ఎవరు కొలిచారండీ?" అని అడిగింది, మామూలుగానే.

మేస్త్రీ వైపు ఎవరూ తిరగలేదు. ఒక్క టైలరు మాత్రం చూశాడు. ఆయన మొహం కేసి కాదు, గుండీ కేసి. అక్కడే చాలాసేపు చూశాడు. తర్వాత జెండా మడతపెట్టడం మొదలెట్టాడు.

ప్రెసిడెంటు అటు నుంచి అటే మున్సిపాలిటీకి పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు. మీరే రాసిచ్చారు కదండీ, నిన్న సాయంత్రమే స్టేడియం మొత్తం కిందివీధికి రాసేశాం, సంతకాలు కూడా అయ్యాయి అన్నారు వాళ్ళు. కలిసి ఉందామన్నవాళ్ళకి మొత్తం దక్కింది. ఒంటరిగా ఉందామన్నవాళ్ళకి ఒంటరితనమే దక్కింది. నెల తిరక్కుండా ఆటగాళ్ళలో కాలున్నవాళ్ళు కిందివీధికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఆడటం మానేశారు. మైదానాన్ని లారీలు నిలిపేందుకు అద్దెకిస్తున్నారని తెలిసింది. గదులు నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పడానికి కండక్టరు వచ్చాడు. చెప్పలేక తీగ మీద చొక్కాల గురించి మాట్లాడి, చివరికి చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం భార్య సామాను మూటలు కడుతోంది. కడుతూ కడుతూ ముడి మధ్యలో ఆపింది.

"నీకు జ్వరం వచ్చిన ఏడు గుర్తుందా? మెట్లు కట్టకముందు. నీ బదులు తమ్ముడొచ్చి గీతలు గీశాడు."

"ఉంది."

"వాడప్పుడే టేపు పెట్టి చూశాడు. బావకి చెబుతానన్నాడు. నేనే వద్దన్నాను."

మేస్త్రీ చూశాడు.

"నాన్న పోయి నెల కాలేదు. నువ్వా తాడుని తలకింద పెట్టుకుని పడుకున్నావు. ఆ పరిస్థితిలో ఎలా చెప్పమంటావు? తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోగా సిమెంటు పోశారు. ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న వాడు వచ్చినప్పుడైనా నోరు విప్పాల్సింది."

మేస్త్రీ లేచి వెళ్ళి, బయట కారుతున్న పంపు కట్టి వచ్చాడు.

"నాకు మంగళవారమే తెలిసింది" అన్నాడు మేస్త్రీ.

ఆమె చేతిలో మూట నేల మీద పెట్టింది. "ఉత్తరం వెళ్ళింది బుధవారం కదయ్యా."

"ఊఁ."

"టైలరు దగ్గరికి వెళ్ళానన్నావు. మరి ఏం చేశావక్కడ?"

ఆయన ఛాతీ మీద గుండీ పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. "ఇది కుట్టించుకున్నాను."

ఆమె మూట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని ముడి బిగించింది. తిట్టినా బాగుండేది.

ఖాళీ చేసే ముందురోజు బావమరిది సామాను బండి తెచ్చాడు. బండి ఎక్కించాక చూస్తే బావ లేడు. మైదానం మధ్య బకెట్టుతో నిలబడి ఉన్నాడు. బావమరిది వెళ్ళేసరికి, గూట్లోంచి తెచ్చిన ఉక్కు టేపు కొస వాడి చేతిలో పెట్టాడు. వాడు గోడ వైపు గీత మీద కూర్చుని పట్టుకున్నాడు. మేస్త్రీ టేపు సాగినంతా లాగి, గడ్డి మీద గుర్తు పెట్టి, వాణ్ణి ఆ గుర్తు దగ్గరికి జరిపి మళ్ళీ లాగుతూ నడిచాడు. తర్వాత బకెట్టు వంచి పక్క గీత గీసుకుంటూ వచ్చాడు. పాత మూల దాటాడు. గీత మొదటి మెట్టెక్కింది, రెండో మెట్టెక్కింది, నాలుగో మెట్టు మీద నూట అయిదు. అక్కడ మూల గీశాడు. కాంక్రీటు మీద సున్నం సరిగ్గా అంటలేదు.

"ఎందుకు బావా ఇది" అన్నాడు బావమరిది కింద నుంచి. "రేపొద్దున లారీలు తొక్కేస్తాయి."

మేస్త్రీ నడుం నిటారు చేసుకున్నాడు. షెడ్డులోంచి తెచ్చిన తాడు భుజానే ఉంది. దాన్ని దించి, ఆ మూల నుంచి కిందికి పరిచాడు. పరిచి, అది ఎక్కడిదాకా వస్తుందో చూడకుండానే మెట్లు దిగాడు.

గోడవతల నుంచి దారినపోయే ముసలాయన ఒకడు తల పెట్టి చూశాడు. ఊళ్ళో సంగతి ఇంకా తెలియనట్టుంది. కొత్త గీతలు చూసి మొహం విప్పారింది.

"మేస్త్రీ, రేపు ఆట ఉందా?"

మేస్త్రీ బకెట్టు బోర్లించి అడుగున మిగిలిన సున్నం దులిపాడు. ఆయన నోట్లోంచి ఆ మాట ఇప్పుడు సులువుగానే వచ్చింది.

"లేదు."